మూడో రిజిస్టరు



డేటాబేస్ అంటే భయపడవద్దు. గళ్ళు గీసిన రిజిస్టర్ల లాంటిదే. 1970లో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన సమాచారాన్ని పట్టికలుగా పెట్టే పద్ధతి గురించి వ్యాసం రాశారు. అందులో చిక్కు ఎక్కడంటే, ఇటు చాలామంది, అటు చాలా వస్తువులు ఉన్నప్పుడు ఎలా రాయాలి?

మనం కోటబొమ్మాళిలో చదువుతున్నా మన ఊళ్ళు కొండల్లోవే కదా, పోడు పట్టాలనే చూద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్న ఉండాలి. అంటే ఒక పట్టాకు ఇద్దరు. ఒకే మనిషికి కొండ మీద పోడు పట్టా, కింద గెడ్డ పక్కన జిరాయితీ పట్టా రెండూ ఉండొచ్చు.

మా ఊరి లిస్టు ఒకటి చూసినాను. అమ్మకు చదువు రాదు, నేనే చదివి చెప్పాలి. అందులో పట్టాదారు పేరుకు ఒకే గడి ఉంది. అయ్య పేరు రాసీసినారు. "నా పేరేదే?" అని అమ్మ అడిగింది. పట్టా కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. లిస్టులో మాత్రం గడి లేక అమ్మ పేరు పోయింది.

ఇంకో గడి గీస్తే సరిపోదా అంటారు. పోడు పట్టా అమ్మడానికి లేదు గానీ వారసులకు వస్తాది. నలుగురు పిల్లలుంటే నాలుగు గళ్ళా? ఒకే గడిలో కామాలు పెట్టి ఇరికిస్తే పేరు వెతకడం కష్టం. పోనీ ఒక్కొక్కరికి ఒక వరస రాసి పక్కనే ఎకరాలు వేస్తే, అయ్యకు 2, అమ్మకు 2, కూడితే 4 ఎకరాలు! ఉన్నది 2 ఎకరాలే. చట్టంలో 4 హెక్టార్లు మించకూడదని ఉంది, కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

ఏటి చెయ్యాలంటే, మూడు రిజిస్టర్లు పెట్టాలి. మొదటిది మనుషులది, ఒక్కొక్కరికి ఒక నెంబరు. మన సవర వాళ్ళకు ఇంటిపేరు కూడా సవర అనే రాస్తారు, ఒకే ఊర్లో ఒకే పేరు ఇద్దరికి ఉంటాది, అందుకే నెంబరు. రెండోది పట్టాలది. ఎకరాలు ఇక్కడ ఒక్కసారే రాయాలి. మూడోదాంట్లో పేర్లుండవు, జతలే ఉంటాయి.

మనిషి 11 – పట్టా 5 – భర్త
మనిషి 12 – పట్టా 5 – భార్య
మనిషి 12 – పట్టా 8 – వారసురాలు

ఒక వరసకు ఒక జత. అదే జత రెండుసార్లు రాయకూడదు. మొదటి రెండు రిజిస్టర్లలో లేని నెంబరు ఇక్కడ రాయకూడదు. ఈ కట్టుబాట్లు ముందే చెప్పి పెడితే కంప్యూటరే కాపలా కాస్తాది. భార్య, వారసురాలు అనే మాటలు ఇక్కడే ఎందుకంటే, 12వ మనిషి ఒక పట్టాలో భార్య, ఇంకోదాంట్లో కూతురు. ఆ మాట మనిషిది కాదు, పట్టాది కాదు, జతది.

12వ మనిషికి ఏ పట్టాలున్నాయంటే 5, 8. పట్టా 5 ఎవరిదంటే 11, 12. రేపు నలుగురు వారసులు వస్తే కింద నాలుగు వరసలు రాస్తే చాలు.

మన లైబ్రరీలో అమ్మాయిలు, పుస్తకాలు కూడా ఇంతే. కాకపోతే అక్కడ ఒకే అమ్మాయి అదే పుస్తకం మళ్ళీ తీసుకుంటాది, కాబట్టి జతకు తేదీ కూడా కలపాలి.