మన రక్తంలోని కావలివారు: 'కాంప్లిమెంటు' పరీక్ష ఎందుకు రాస్తారు?

"డాక్టరుగారూ, బాబు ముఖంలో వాపు తగ్గింది. మూత్రం తెల్లగా వస్తోంది. బడికి కూడా వెళ్తున్నాడు. ఇంకా రక్తం తీయడం ఎందుకండీ?"

పిల్లల ఓపీలో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. పరీక్షకు డబ్బు కావాలి, రావడానికి ఒక రోజు కూలి పోతుంది, బిడ్డ సూదికి ఏడుస్తాడు. అందుకే చాలామంది ఆ రెండవ పరీక్షకు రారు. చీటీ మీద 'సి3' అని రాసి ఇచ్చే ఆ పరీక్ష దేని గురించి, అది రెండుసార్లు ఎందుకు చేయాలి అనే సంగతి ఈ నెల వివరంగా తెలుసుకుందాం.

సి3 అనేది మన రక్తంలో ఉండే ఒక ప్రోటీను. అది 'కాంప్లిమెంటు వ్యవస్థ' అనే కావలి దళంలో ముఖ్యమైనది. ఈ దళంలో 30కి పైగా ప్రోటీనులు ఉన్నాయి. వీటిలో చాలావాటిని మన కాలేయం తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. మనం నిద్రపోతున్నా, పని చేసుకుంటున్నా ఇవి రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతూ ఉంటాయి.

ఎలా కనుగొన్నారు?

1890వ దశకంలో జూల్ బోర్డే అనే బెల్జియం వైద్యుడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసేవాడు. కలరా క్రిములను తట్టుకునే శక్తి వచ్చిన జంతువు రక్తం నుండి తేట ద్రవాన్ని తీసి క్రిముల మీద వేస్తే అవి చచ్చిపోయేవి. అదే ద్రవాన్ని సుమారు 55 డిగ్రీల వరకు వేడి చేస్తే ఆ శక్తి పోయేది. అయితే టీకా వేయని మామూలు జంతువు తాజా రక్తద్రవం కొంచెం కలపగానే ఆ శక్తి తిరిగి వచ్చేది.

దీన్నిబట్టి ఆయన రెండు సంగతులు గ్రహించాడు. ఒకటి, టీకావల్లగానీ జబ్బు చేసి తగ్గినందువల్లగానీ వచ్చే పదార్థం. అది వేడికి పాడు కాదు. దానినే ఇప్పుడు యాంటీబాడీ అంటున్నాం. రెండవది, టీకా వేసినా వేయకపోయినా అందరి రక్తంలో పుట్టుకతోనే ఉండే పదార్థం. అది వేడికి పాడవుతుంది. మొదటిది క్రిమిని పట్టుకుంటే, రెండవది ఆ పని పూర్తి చేస్తుంది. పూర్తి చేసేది కాబట్టి పాల్ ఎర్లిక్ అనే జర్మనీ శాస్త్రవేత్త దానికి 'కాంప్లిమెంటు' అని పేరు పెట్టాడు. తెలుగులో పూరక వ్యవస్థ అనవచ్చు. బోర్డేకు 1919వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

ఈ కావలివారు ఎలా మేల్కొంటారు?

కాంప్లిమెంటు ప్రోటీనులు మామూలుగా నిద్రావస్థలో ఉంటాయి. వాటిని లేపడానికి మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి యాంటీబాడీల ద్వారా. ఇదివరకే పరిచయమైన క్రిమి వస్తే యాంటీబాడీలు దాన్ని అంటిపెట్టుకుంటాయి. అది చూసి సి1 అనే ప్రోటీను మేల్కొంటుంది.

రెండవ దారిలో యాంటీబాడీతో పని లేదు. కొన్ని క్రిముల పైపొర మీద ఉండే చక్కెర పదార్థాలు మన కణాల మీద ఉండేవాటిలా ఉండవు. ఆ తేడాను పసిగట్టే ప్రోటీను ఒకటి కాలేయంలో తయారవుతుంది.

మూడవ దారి ఇంకా విచిత్రమైనది. సి3 ఎల్లప్పుడూ కొద్దికొద్దిగా దానంతట అదే విచ్చుకుంటూ ఉంటుంది. కావలివాడు చీకట్లో అప్పుడప్పుడు రాయి విసిరి చూసినట్టు, దగ్గరలో ఏముంటే దానికి అతుక్కుంటుంది. అతుక్కున్నది మన కణమైతే వెంటనే ఆగిపోతుంది. క్రిమి అయితే దాడి మొదలవుతుంది.

మూడు దారులూ సి3 దగ్గరే కలుస్తాయి. క్రిస్మస్ రాత్రి ఆరాధనలో ఒక కొవ్వొత్తి నుండి మరొకటి, దాని నుండి ఇంకొకటి వెలిగించుకుంటే నిమిషాల్లో గుడి అంతా వెలుగుతో నిండిపోవడం మీరు చూశారు గదా. అలాగే మేల్కొన్న ఒక ప్రోటీను ఎన్నో సి3లను మేల్కొలుపుతుంది.

మేల్కొన్నాక ఏం చేస్తారు?

సి3 విచ్చుకున్నప్పుడు రెండు ముక్కలవుతుంది. పెద్ద ముక్క క్రిమికి అతుక్కుంటుంది. సంతలో కొన్న గొర్రెకు రంగు పూసి గుర్తు పెట్టినట్టు, ఇది శత్రువు అనే గుర్తు అన్నమాట. ఆ గుర్తు చూసి తెల్లకణాలు ఆ క్రిమిని సులువుగా మింగేస్తాయి. చిన్న ముక్క వార్తాహరుడిలా రక్తనాళాలను వదులు చేసి, తెల్లకణాలను అక్కడికి రప్పిస్తుంది. గాయం దగ్గర ఎర్రబడి, వెచ్చబడి, వాచడానికి ఇదొక కారణం.

చివరగా సి5 నుండి సి9 వరకు ఉన్న ప్రోటీనులు ఒకదానితో ఒకటి కలిసి గొట్టంలా తయారై కొన్ని రకాల క్రిముల పైపొరకు రంధ్రం చేస్తాయి. ఆ రంధ్రంగుండా నీరు చొరబడి క్రిమి ఉబ్బి పగిలిపోతుంది.

ఈ చివరి పని ఎంత అవసరమో కొన్ని కుటుంబాలను చూస్తే తెలుస్తుంది. సి5 నుండి సి9 వరకు ఉన్నవాటిలో ఏదో ఒకటి పుట్టుకతో లేనివారికి మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ అనే క్రిమి మళ్ళీమళ్ళీ సోకుతుంది. ఒకరికే ఈ జబ్బు రెండుసార్లు వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. దీనికి టీకా ఉంది.

మరి మన కణాలను ఎందుకు చంపదు?

ఐగుప్తులో ద్వారబంధాల మీద గుర్తు ఉన్న ఇళ్ళను సంహారకుడు దాటిపోయిన సంగతి మనకు తెలుసు. మన కణాల మీద కూడా అటువంటి రక్షణ గుర్తులు ఉన్నాయి. కణం పైపొర మీద ఉండే కొన్ని ప్రోటీనులు కాంప్లిమెంటు పనిని అక్కడికక్కడే ఆపేస్తాయి. క్రిములలో చాలావాటికి ఆ గుర్తు ఉండదు. చంపే శక్తినీ దానికి కళ్ళాన్నీ ఒకే రక్తంలో ఉంచిన సృష్టికర్త జ్ఞానానికి మనం తలవంచవలసిందే.

ఆ గుర్తులు లేకపోతే ఏమవుతుందో చూపే అరుదైన జబ్బు కూడా ఒకటి ఉంది. అందులో ఎర్రకణాల మీద రక్షణ గుర్తులు లోపించి, కాంప్లిమెంటు వాటినే పగలగొడుతుంది. రక్తహీనత వస్తుంది. కొందరికి ఉదయం పూట మూత్రం నల్లగా వస్తుంది. సి5ను ఆపే ఎక్యులిజుమాబ్ అనే మందును దీనికోసం 2007లో అమెరికాలో అనుమతించారు. ఆ మందు వాడేవారికి ముందుగా మెనింగోకాకస్ టీకా వేయాలి. ఎందుకో పైన చదివినవారికి అర్థమయ్యే ఉంటుంది.

గజ్జి కురుపుల నుండి మూత్రపిండాల దాకా

ఇప్పుడు మొదట చెప్పిన బాబు దగ్గరికి వద్దాం. గొంతు నొప్పికిగానీ, గజ్జి గోకినచోట పట్టిన చీము కురుపులకుగానీ స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి కారణం కావచ్చు. గొంతు నొప్పి తర్వాత 1 నుండి 3 వారాలకు, చర్మపు కురుపుల తర్వాత 3 నుండి 6 వారాలకు కొందరు పిల్లల్లో మూత్రపిండాలు వాస్తాయి. బడికి వెళ్ళే వయసు పిల్లల్లో ఇది ఎక్కువ. అప్పటికి కురుపులు మానిపోయి ఉంటాయి. అందుకే తల్లిదండ్రులకు ఆ రెండింటికీ సంబంధం ఉందని తోచదు.

ఒక్కొక్క మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే జల్లెడలు సుమారు 10 లక్షలు ఉంటాయి. క్రిమికీ యాంటీబాడీకీ సంబంధించిన పదార్థాలు ఈ జల్లెడల్లో చేరతాయి. శత్రువు ఇక్కడ ఉన్నాడనుకొని కాంప్లిమెంటు అక్కడే దాడి మొదలుపెడుతుంది. జల్లెడ వాచిపోతుంది. నిద్ర లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు, మూత్రం తగ్గడం, టీ డికాషన్ రంగులోనో మాంసం కడిగిన నీళ్ళలాగానో రావడం, రక్తపోటు పెరగడం దీని లక్షణాలు.

ఈ పోరులో సి3 బాగా ఖర్చవుతుంది. ఇంట్లో బియ్యం బస్తా తరిగిందంటే పంట పండలేదని కాదు, ఎక్కువమందికి వండామని. అలాగే సి3 తగ్గిందంటే చాలాసార్లు ఎక్కడో వాడకం పెరిగిందని అర్థం. డెసిలీటరు రక్తద్రవంలో సి3 సుమారు 90 నుండి 180 మిల్లీగ్రాములు ఉంటుంది. ల్యాబునుబట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి. మీ రిపోర్టు పక్కన అచ్చువేసిన అంకెలతోనే పోల్చి చూడాలి.

రెండవ పరీక్ష ఎందుకు?

ఈ జబ్బు చేసిన పిల్లల్లో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ముందు వాపు తగ్గుతుంది, తర్వాత మూత్రం రంగు మారుతుంది. సి3 మాత్రం 6 నుండి 8 వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. అలా వస్తే పోరు ముగిసిందని మేము ధైర్యంగా చెప్పగలం.

8 నుండి 12 వారాలు దాటినా సి3 తక్కువగానే ఉంటే సంగతి వేరు. బయటికి బిడ్డ బాగానే కనిపిస్తున్నా లోపల జల్లెడల మీద దాడి ఆగలేదేమోనని అనుమానించాలి. కురుపుల వల్ల వచ్చిన తాత్కాలిక జబ్బు కాక, నెమ్మదిగా మూత్రపిండాలను తినేసే మరో జబ్బు కావచ్చు. లూపస్ కూడా కావచ్చు. లూపస్‌లో సి3తోపాటు సి4 కూడా తగ్గడం మామూలు. అటువంటప్పుడు మూత్రపిండం నుండి చిన్న ముక్క తీసి పరీక్షించవలసి రావచ్చు. ఆ జబ్బులను మొదట్లోనే పట్టుకుంటే మందులతో మూత్రపిండాలను చాలాకాలం కాపాడుకోవచ్చు. మూత్రపిండాలు పాడయ్యాక వస్తే డయాలసిస్ దాకా వెళ్ళవలసి వస్తుంది. బిడ్డ బాగున్నప్పుడే రెండవసారి రమ్మనడం అందుకే. మంచి రిపోర్టు వస్తే ఆ రోజు కూలి వృథా పోయినట్టు కాదు.

ఇంట్లో పాటించవలసినవి

• పిల్లల గజ్జిని, చీము కురుపులను చిన్నవని వదిలేయకండి. గజ్జికి మందు రాసేటప్పుడు ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరవేయాలి.

• గొంతు నొప్పికి డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడండి. గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం రాకుండా కూడా అది కాపాడుతుంది.

• ముఖం ఉబ్బి మూత్రం రంగు మారితే 'నీరు పట్టింది' అని పసరు మందులతో రోజులు గడపవద్దు. అదే రోజు రక్తపోటు చూపించండి.

• వాపు ఉన్నన్నాళ్ళు ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు పెట్టవద్దు. నీళ్ళు డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వాలి.

• తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకురండి.

మీరు అడిగే ప్రశ్నలు

సి3 పెరగడానికి టానిక్ ఏమైనా ఉందా?

లేదు. కారణమైన జబ్బు తగ్గితే సి3 దానంతట అదే పెరుగుతుంది. 'ఇమ్యూనిటీ' పేరుతో అమ్మే పొడులు, సిరప్‌ల మీద డబ్బు పెట్టకండి. ఆ డబ్బు రెండవ పరీక్షకు దాచండి.

సి3 తక్కువ ఉంటే పక్కవారికి అంటుతుందా?

సి3 తగ్గడం గానీ మూత్రపిండాల వాపు గానీ అంటుకునేది కాదు. గజ్జి, చీము కురుపులు, గొంతులోని క్రిమి మాత్రం అంటుకుంటాయి.

పసిబిడ్డకు ఈ కావలి ఉంటుందా?

ఉంటుంది, కానీ పెద్దలకంటే తక్కువ. తల్లి యాంటీబాడీలు గర్భంలోనే బిడ్డకు చేరతాయి గానీ, కాంప్లిమెంటు అలా చేరదు. బిడ్డ శరీరమే దాన్ని తయారు చేసుకోవాలి. అందుకే నెలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగడం మానినా, ఒళ్ళు చల్లబడినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

దేవుడు మన రక్తంలో ఉంచిన కావలివారు తమ పని తాము చేస్తున్నారు. వారు దారి తప్పారేమో చూసే కావలి మాత్రం తల్లిదండ్రులది, వైద్యులది. మీ బిడ్డ చీటీలో రెండవ పరీక్ష తేదీ రాసి ఉంటే, దాన్ని ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఈ రోజే గుర్తు పెట్టుకోండి. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకురండి. డబ్బు ఇబ్బంది ఉంటే మానుకోవద్దు, ముందుగా మాతో చెప్పండి.