షుగర్ బిళ్ళ గొట్టంలో ఎందుకు ఇమడలేదు

ఐనవిల్లిలో కొన్నా అమలాపురంలో కొన్నా, షుగర్‌కు డాక్టరు మెట్‌ఫార్మిన్ రాస్తే చేతికొచ్చేది దాదాపు ఎప్పుడూ బిళ్ళే. గొట్టం మాత్ర (క్యాప్సూల్) అయితే మందు చురుగ్గా పనిచేస్తుందని నమ్మేవాళ్ళున్నారు. నిజానికి ఇక్కడ రూపాన్ని నిర్ణయించింది మందు చురుకు కాదు, మోతాదు. 1843లో విలియం బ్రాకెడన్ అనే ఆంగ్ల చిత్రకారుడు, పెన్సిళ్ళ నల్లసీసపు పొడితో పాటు మందు పొడినీ అచ్చులో పోసి వత్తే పద్ధతికి పేటెంటు పొందాడు. బొమ్మలు గీసుకునే మనిషి చలవ ఇది! వత్తితే పొడి తక్కువ చోటులో ఇముడుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్క బిళ్ళలోనే 500 నుంచి 1000 మిల్లీగ్రాములుంటుంది. మామూలుగా వాడే గొట్టాల్లో అతి పెద్దదాంట్లోనూ ఒక మిల్లీలీటరు చోటుండదు. వత్తకుండా పోస్తే 1000 మిల్లీగ్రాములు అందులో పట్టవు.

అయితే ఈ పొడి వత్తగానే గట్టిపడే రకం కాదు. నెయ్యి తగలని మినప పిండి సున్నుండ కట్టనట్టే, పోవిడోన్ లాంటి బంధకంతో తడిపి, రవ్వ చేసి, ఆరబెడితే గానీ బిళ్ళ నిలవదు. హైదరాబాదులోని గ్రాన్యూల్స్ ఇండియా పెద్ద ఎత్తున చేసే పనుల్లో ఇలా మెట్‌ఫార్మిన్‌ను రవ్వగా తయారుచేయడం ఒకటి.

గొట్టం ముందు కరుగుతుంది కదా అంటారు. పూత లేని బిళ్ళ 15 నిమిషాల్లో విడిపోవాలని, గట్టి గొట్టానికి 30 నిమిషాల దాకా గడువని ఔషధ ప్రమాణ గ్రంథాల నియమం. పైగా మెట్‌ఫార్మిన్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికే రెండు మూడు గంటలు పడుతుంది. ఆ కొద్ది నిమిషాల తేడాతో ఒరిగేదేమీ లేదు. జెలటిన్ గొట్టంలో 13 నుంచి 16 శాతం నీరుంటుంది. గాలిలో తేమ పెరిగితే అది మెత్తబడి అతుక్కుంటుంది. కాలవల మధ్య కోనసీమలో, మూత సరిగా పడని డబ్బాలో ఇది చిన్న ఇబ్బంది కాదు. మింగడానికి గొట్టం నున్నగా ఉంటుందన్న మాట మాత్రం ఒప్పుకోవలసిందే, కానీ 500 మిల్లీగ్రాములు పట్టే గొట్టమూ చిన్నదేం కాదు.

మందును ఆలస్యంగా గానీ నెమ్మదిగా గానీ వదలడానికి గొట్టం పనికిరాదా అంటే, వస్తుంది. ఎసిడిటీకి వాడే 20 మిల్లీగ్రాముల ఒమెప్రజోల్‌కు పూత గుళికలు గొట్టంలో హాయిగా సరిపోతాయి. మెట్‌ఫార్మిన్‌కు ఆ పూతలకు చోటేదీ? అందుకే మందును నెమ్మదిగా వదిలే చాలా ఎస్.ఆర్. బిళ్ళల్లో హైప్రోమెల్లోస్ కలుపుతారు. కడుపులో నీరు తగలగానే అది ఉబ్బి జిగురుగా మారి, మందును గంటల తరబడి వదులుతుంది. ఈ బిళ్ళను నలిపినా నమిలినా ఆ ఏర్పాటు చెడి, మందంతా ఒక్కసారే దిగుతుంది. విరిచే ముందు కూడా డాక్టర్నో ఫార్మసిస్టునో అడగాలి. మలంలో మెత్తని బిళ్ళలాంటిది కనిపిస్తే మందు ఒంటికి పట్టలేదని కంగారుపడనక్కరలేదు. మందు దిగిపోయాక మిగిలిన జిగురే అది.