గోడ బొమ్మ నుంచి తెర బొమ్మ దాకా

వాల్‌పేపర్ అంటే గోడకు అంటించే కాగితం. కంప్యూటర్ తెరకు గోడా లేదు, కాగితమూ లేదు; పేరు మాత్రం నిలిచిపోయింది. శ్రీకూర్మం వైపు నుంచి కాలేజీకి వచ్చే మిత్రులకు ఈ పేరు వింతగా తోచనక్కర్లేదు. కూర్మనాథస్వామి గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు గోడల మీది వైష్ణవ కథల బొమ్మలు చూసే ఉంటారు. గీత గీసి, ఆ గీత లోపల రంగు నింపే పద్ధతి అది. నేడు హాస్టల్ గదుల్లో లాప్‌టాప్ తెరల మీద కొలువుతీరిన జపాన్ 'యానిమే' బొమ్మలదీ ఆ పద్ధతే. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని నా వాదన కాదు. గుడి గోడను శ్రద్ధగా చూసినవాడికి యానిమే బొమ్మ వేయడం సగం వచ్చినట్టే అంటున్నాను, అంతే.

జపాన్‌వారు మన కథనూ వదల్లేదు సుమండీ! యుగో సాకో అనే ఆయన, మన దేశపు రామ్ మోహన్ వంటి వారితో కలిసి, రామాయణాన్ని యానిమే చిత్రంగా తీశారు. 1990ల మొదట్లో తయారైన ఆ చిత్రం 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లకు కూడా వచ్చింది.

ఆ రోజుల్లో యానిమేను చేత్తోనే వేసేవారు. వెనుక దృశ్యం కాగితం మీద. పాత్ర పారదర్శకమైన షీటు మీద. దాన్ని 'సెల్' అంటారు. సెల్ ముందువైపు గీత, వెనుకవైపు రంగు. అందుకే రంగు ఎంత వేసినా గీత చెడదు. ఈ కిటుకే ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో 'లేయర్' అయింది. ఇది పట్టుబడితే తక్కినదంతా అభ్యాసమే.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదని దిగులు వద్దు. గింప్, క్రిటా రెండూ ఉచితమే. పైగా గింప్‌ను 1995లో మొదలుపెట్టింది బర్కిలీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు!

ఏం వేద్దాం? గుడి ఆవరణలో పెంచే నక్షత్ర తాబేలునే తీసుకుందాం. నల్లటి డిప్ప మీద పసుపు చారలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. యానిమేకు ఇంతకన్నా అనువైన జీవి దొరకదు. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో బొమ్మ గీసి, ఎండ తగలని వెలుతురులో ఫోనుతో ఫొటో తీయండి. కొత్త ఫైలు 1920 బై 1080 పిక్సెళ్ల కొలతతో తెరవండి. మామూలు లాప్‌టాప్ తెర కొలత సాధారణంగా అంతే. గీత ఉన్న లేయర్‌ను అన్నిటికన్నా పైన పెట్టి, దాని మోడ్‌ను 'మల్టిప్లై'గా మార్చండి. కాగితపు తెలుపు మాయమై గీత మిగులుతుంది. రంగులు దాని కింది లేయర్‌లో. బకెట్‌తో పోసిన రంగు బయటికి పారిందంటే, గీతలో ఎక్కడో గండి పడిందన్నమాట. చేను గట్టు సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? నీడకు మరో లేయర్. నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండాలి; అలికినట్టుంటే యానిమే కళ పోతుంది. మధ్యమధ్య సేవ్ చేస్తూ ఉండండి, మన కరెంటును నమ్మడానికి లేదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వాల్‌పేపర్ సినిమా పోస్టరు కాదు. పోస్టరును నడుస్తూ ఒక్క చూపు చూస్తాం. వాల్‌పేపర్ ముందు గంటల తరబడి కూర్చుంటాం. విండోస్‌లో ఐకాన్లు ఎడమ పక్కన చేరతాయి. తాబేలును అక్కడ పెడితే దాని మొహం మీద రికార్డు ఫైళ్లు ఎక్కుతాయి. కుడివైపు, కాస్త కిందుగా ఉంచండి. ఎడమవైపు ఆకాశమో ఇసుకో, ఒకే రంగు, వదిలేయండి. వెలితిగా ఉందనిపించినా సరే! నెట్‌లో దొరికిన 640 పిక్సెళ్ల వెడల్పు బొమ్మను తెరంత సాగదీస్తే ఒక్కో పిక్సెల్ తొమ్మిదింటి చోటు ఆక్రమిస్తుంది. గీత మెట్లు మెట్లుగా కనబడుతుంది. పని పూర్తయ్యాక పీఎన్‌జీగా దాచండి. జేపెగ్‌లో గీతల చుట్టూ మురికి చేరుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పరాయివాళ్లు గీసిన పాత్రను దింపుకుని సొంత తెర మీద పెట్టుకోవడం వేరు, కింద మన పేరు వేసుకోవడం వేరు. గుడి గోడ బొమ్మల సంగతి ఇంకా సున్నితం. గుడివారిని అడిగి ఫొటో తీసి, వెలిసిపోయిన చోట మన ఇష్టమైన రంగు నింపి, రాలిన చేతిని మనమే అతికించి పంచామనుకోండి. చేతులు మారేసరికి అదే అసలు బొమ్మ అనుకుంటారు. పాత చిత్రకారుడు వేయని రంగు ఆయన ఖాతాలో పడుతుంది. రేపు ఆ గోడను బాగుచేయ వచ్చినవాడు ఏది చూసి వేస్తాడు? కాబట్టి ముట్టుకోని ఫొటోను విడిగా దాచండి. మన రంగులన్నీ వేరే లేయర్‌లో ఉంచండి. ఫైలు పేరులోనే 'కొత్త రంగులు' అని, తేదీతో సహా రాయండి.