పరిశోధన వేఱు, చికిత్స వేఱు

మానవ పిండమున తొలిదినములలో నుండు మూలకణములు దేహమందలి ఏ కణముగానైనను మారగలవు. వీనిని 1998లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ థామ్సన్ తొలిసారి వేరుచేసి పెంచెను. మన దేశమున, బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రమునందు ఆచార్య మనీషా ఇనాందార్, గర్భధారణకు పనికిరావని విడిచిన పిండములనుండి అట్టి రెండు కణపరంపరలను సాధించి 2009లో ప్రకటించిరి. రక్తమును, రక్తనాళములును ఎట్లేర్పడునో వీరు ఏండ్లతరబడి పరిశీలించిరి.

అయినను, ఈ కణములతో సర్వవ్యాధులు కుదుర్తుమని ధనమడుగువారిని నమ్మరాదు. 2017 నాటి జాతీయ మార్గదర్శక సూత్రముల ప్రకారము, రక్తవ్యాధులు మొదలగు నిర్ణీత వ్యాధులకు చేయు రక్తమూలకణ మార్పిడి తప్ప, తక్కిన మూలకణచికిత్సలన్నియు అనుమతి పొందిన ప్రయోగములందే జరుగవలెను. అందు పాల్గొను రోగినుండి రుసుము గైకొనరాదు. ఇల్లువాకిళ్లు అమ్ముకొనుటకు ముందు ప్రభుత్వాసుపత్రి వైద్యుని సంప్రదింపుడు.