ఫొటో కింద పేరు

వాడలో పెద్దమనిషి ఎవరైనా కన్నుమూస్తే, ఏడుపులు సద్దుమణగక ముందే మొదలయ్యే వెతుకులాట ఒకటుంది. ఫొటో కోసం. దశదిన కర్మకో, క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడికకో ఫ్లెక్సీ కొట్టించాలి. ఇల్లంతా గాలిస్తే దొరికేది ఆధార్ కార్డు. దాన్ని పట్టుకుని మిర్యాలగూడకో కోదాడకో పోతే స్టూడియోలో ఆ ముఖాన్ని కత్తిరిస్తారు, తెల్లగా చేస్తారు, తాతకైతే ఎన్నడూ తొడగని కోటు, అవ్వకైతే ఎన్నడూ కట్టని పట్టుచీర అతికిస్తారు. వెనకాల గులాబీ పూలు. ఫ్లెక్సీ కట్టాక చిన్నపిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "ఈమె ఎవరు?"

పాలకీడు చుట్టుపక్కల వాడల్లో ఇలాంటి ఫ్లెక్సీలు మేము చాలానే చూశాం. సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో బతుకంతా నాట్లు వేసిన మనిషికి, నాట్లు వేస్తున్న ఫొటో ఒక్కటైనా ఉండదు. చేతిలో స్మార్ట్‌ఫోన్లు వచ్చి ఇన్నేళ్లయినా పరిస్థితి పెద్దగా మారలేదు. ఫోన్లో వేల ఫొటోలుంటాయి. పండుగ మెసేజీలు, సినిమా హీరోలు, లీడర్ల పుట్టినరోజు పోస్టర్లు. అమ్మ ఫొటో మాత్రం వెతుక్కోవాలి.

అయితే మనల్ని ఎవరూ ఫొటో తీయలేదని అనడానికి లేదు. చాలా తీశారు. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ కార్డు కోసం కుటుంబమంతా వరుసగా నిలబడిన ఫొటోయే చాలా ఇళ్లలో మొదటి ఫ్యామిలీ ఫొటో. తర్వాత పెన్షన్‌కు, జాబ్ కార్డుకు, ఆధార్‌కు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర ఎన్ఎంఎంఎస్ యాప్‌లో హాజరు తప్పనిసరి చేశాక, మేట్ ఫోన్ పట్టుకుని రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాల్సి వచ్చింది. ఎండలో గడ్డపారలతో, తట్టలతో నిలబడిన మన ఆడవాళ్ల ఫొటోలు లెక్కలేనన్ని సర్కారు సర్వర్‌లోకి ఎక్కాయి. వాటిలో ఒక్కటి కూడా వాళ్ల ఇంటి గోడ మీదికి రాలేదు. అవి హాజరు కోసం తీసినవి, మనిషి కోసం కాదు.

ఇది యాప్‌లతో పుట్టిన అలవాటు కాదు. 1868 నుంచి 1875 వరకు బ్రిటిష్ ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేసింది. దేశంలోని జనాన్ని కులాలుగా, తెగలుగా విడదీసి చూపించే ఫొటోలవి. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మాలలు, మాదిగల గురించీ అందులో ఉంది. మనుషుల ముక్కులు, తలలు కొలిచిన కాలం అది. ఆ పుస్తకాల్లో ఫొటో కింద ఎక్కువగా కులం పేరే ఉంటుంది. కెమెరా ముందు నిలబడిన ఆ మనిషి పేరేమిటో మనకు తెలియదు. నిజాం రాజ్యంలో అదే కాలంలో లాలా దీన్‌దయాళ్ వంటి గొప్ప ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. ఆ కెమెరా ముందు ఎక్కువగా నిలిచినవి దర్బారులు, ప్యాలెస్‌లు, వేట దృశ్యాలు.

తర్వాత పత్రికలొచ్చాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది. మన వాడల మనుషులు పేపర్ల మొదటి పేజీకి ఎక్కింది అప్పుడే. చనిపోయాకనో, శవాల దగ్గర ఏడుస్తూనో. ఆ ఫొటోలు అవసరమే, అవి లేకపోతే ఆ దారుణాలు లోకానికి తెలిసేవి కావు. కానీ ఆ మనుషులు అంతకు ముందు రోజు నవ్విన నవ్వు ఎలా ఉండేదో చూపే ఫొటో ఎన్ని ఇళ్లలో ఉంది?

దీనికి ఎదురుగా ఇంకో ఫొటో పెట్టి చూద్దాం. 1934 ఫిబ్రవరి, బొంబాయి దాదర్‌లోని రాజగృహ. బాబాసాహెబ్ అంబేద్కర్ ఇంటివాళ్లతో కలిసి దిగిన ఫొటో. కొడుకు యశ్వంత్, భార్య రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. వాళ్లతోపాటు కుక్క కూడా ఉంది, దాని పేరు టాబీ. మరుసటి ఏడాది మే 27న రమాబాయి చనిపోయింది. తొంభై ఏళ్లు దాటినా ఆ ఫొటోలో ఎవరెవరున్నారో మనం చెప్పగలుగుతున్నాం, కుక్క పేరుతో సహా. పేర్లు ఎవరో రాసిపెట్టారు గనుక.

అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. నల్లవాళ్లను పళ్లికిలించే బొమ్మలుగా గీసే కాలంలో ఆయన మంచి కోటు వేసుకుని, నవ్వకుండా, సూటిగా కెమెరా వైపు చూస్తూ ఫొటోలు దిగాడు. దాదాపు 160 దొరికాయి. పందొమ్మిదో శతాబ్దంలో అన్ని ఫొటోలు దిగిన అమెరికన్ మరొకరు లేరంటారు.

సరే, తీయడం ఎలా? పెద్ద కెమెరా అక్కర్లేదు. ముందు ఫోన్ వెనకాల అద్దాన్ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. సగం మసక అక్కడే పోతుంది.

మన రంగు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. "నేను ఫొటోలో బాగుండను" అని మన అక్కలు, అత్తలు పక్కకు జరగడం వెనక ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి 1950ల నుంచి 'షర్లీ కార్డు' అనే నమూనా వాడేవారు. దాని మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా కనిపిస్తే ఫిల్ము బాగున్నట్టు. నల్లటి ముఖాలు చీకట్లో కలిసిపోయినా పట్టించుకోలేదు. చివరికి 1970లలో చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు రంగు సరిగా రావట్లేదని ఫిర్యాదు చేశాకే ముదురు రంగులు బాగా పట్టే ఫిల్ము మీద పని జరిగింది. మనుషులు కాదు, చాక్లెట్! గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో 'రియల్ టోన్' తెచ్చినప్పుడు కూడా చెప్పుకున్నది ఈ పాత లోపం గురించే.

ఫోన్ కెమెరా తన ముందున్న వెలుగునంతా సగటు చేస్తుంది. సున్నం వేసిన గోడ ముందు, తెల్ల చొక్కాతో నల్లటి మనిషిని నిలబెడితే గోడను చూసి వెలుగు తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. తెర మీద ముఖాన్ని వేలితో తాకండి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. మిట్టమధ్యాహ్నం వద్దు, కళ్ల కింద గుంటల్లో నీడ పడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం, అరుగు మీదనో గడప దగ్గరో ముఖం వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టండి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. ముఖాన్ని తెల్లగా చేసే ఆ మీట స్టూడియోవాళ్ల పాత పనినే చేస్తుంది. అవ్వ ముఖం మీది ముడతలు అవ్వవే.

ఇక పని. తమిళనాడు ఫొటోగ్రాఫర్ ఎం. పళనికుమార్ చేతులతో మలం ఎత్తే పారిశుధ్య కార్మికుల ఫొటోలు తీశాడు. అదే కెమెరాతో చేపలమ్మే తన తల్లినీ తీసి ఆమె కథ రాశాడు. మదురై దగ్గర వాడిపట్టికి చెందిన దళిత ఫొటోగ్రాఫర్ జైసింగ్ నాగేశ్వరన్ సొంత ఇంటివాళ్లనే ఏళ్ల తరబడి తీస్తున్నాడు. దళిత పిల్లల కోసం బడి పెట్టిన పొన్నుతాయి అవ్వ కుటుంబం అది. దూరం పోనక్కర్లేదని చెప్పడానికే ఈ ఇద్దరి మాట తెచ్చాం. నాట్లకు పోయే అమ్మ నడుముకు చెంగు చుట్టే తీరు, మిల్లులో బస్తా ఎత్తే నాయన భుజం, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన అన్న కనుబొమ్మల మీది దుమ్ము, డప్పు కాపే చిన్నాయన చేతులు. ముందు అడగండి. వద్దంటే ఆపండి. పొలం ఆసామిదైతే కూలీ పోయే ప్రమాదం ఉందేమో వాళ్లకే బాగా తెలుసు.

ప్రయాణాల్లో మనకు కలిసొచ్చిన దారి ఒకటుంది. కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారికి ఒక వైపు హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, ఇంకో వైపు విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం. రెండు చోట్లా అందరూ చేసేది ఒకటే, విగ్రహం మొత్తం పట్టించాలని వెనక్కి వెనక్కి పోతారు, ఇంటివాళ్లు చీమలంత అవుతారు. విగ్రహాన్ని ఎవరైనా తీస్తారు. మీరు దాన్ని తలెత్తి చూస్తున్న మీ నాయన ముఖం తీయండి. మన జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ స్థలానికి పోయినా, జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు పోయినా అంతే.

సంతోషాన్ని చూపడం కూడా నేరమయ్యే చోటు ఇది, ఆ సంగతి దాచలేం. మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్, అమృత పెళ్లి చేసుకుని తమ సంతోషాన్ని ఫొటోల్లో, వీడియోలో నలుగురితో పంచుకున్నారు. 2018 సెప్టెంబర్ 14న గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికొస్తుండగా ప్రణయ్‌ను నరికి చంపారు. దేశమంతా మళ్లీ మళ్లీ చూసింది ఆ సీసీ కెమెరా దృశ్యం. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మా వరకు ప్రణయ్ అంటే పెళ్లి ఫొటోలోని ఆ కుర్రవాడే. అయినా ఎవరు చూసేలా పెడుతున్నారో, లొకేషన్ కనిపిస్తోందో లేదో చూసుకోవడం, ముఖ్యంగా ఆడపిల్లల ఫొటోలకు, పిరికితనం కాదు.

దాచుకోవడం దగ్గరే మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నాం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిక్కిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. 'డాక్యుమెంట్'గా పంపండి. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీయే, అందులోనే మెయిల్ కూడా. గొడవ, దాడి వంటివి రికార్డయితే అసలు ఫైలును ఫోన్లో అలాగే ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫైలు చెరిగిపోతే చిక్కే. ఇంటి ఫొటోల్లో ఏడాదికి పది మంచివి ఎంచుకుని మ్యాక్సీ సైజులో ప్రింటు తీయించండి. వెనక పెన్సిల్‌తో మెల్లగా రాయండి: ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏం చేస్తున్నారు, ఎవరు తీశారు. "అమ్మ" అని రాస్తే చాలదు. అమ్మ పూర్తి పేరు.

మా దగ్గర ఒక పాత నలుపు తెలుపు ఫొటో ఉంది. ఏదో పెళ్లి. ముందు వరుసలో కూర్చున్న నలుగురి పేర్లు తెలుసు. వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె చంకలో బిడ్డ ఉంది. ఆ ఇద్దరెవరో చెప్పగలిగిన మనిషి వాడలో ఒక్క ముసలమ్మే మిగిలింది. చూపు తగ్గింది. ఫొటోను పెద్దది చేయించి, ముఖాలకు వెలుగు పెంచి, ఈ ఆదివారం ఆమె దగ్గరికి పోతున్నాం.