పురి పెట్టిన తీగ

నులక పేనే మనిషి జనపనారకు పురి ఎక్కిస్తూ పోతాడు. లాగితే తెగే పోగులు పురి ఎక్కాక మంచం మీది మనిషి బరువు మోస్తాయి. నిజామాబాద్‌లో సీసీ కెమెరాలు బిగించేవాళ్లు క్యాట్ 6 తీగ తొడుగు ఒలిచినప్పుడు బయటపడేదీ పురే. ఎనిమిది రాగి పోగులు రెండేసి చొప్పున మెలిపడి నాలుగు జంటలవుతాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. కంప్యూటర్లను కలపడానికి వచ్చిన ఈ తీగ మీద కెమెరా బొమ్మను కూడా పంపవచ్చు. వేలెడంత అడాప్టర్లు రెండు ఉంటే చాలు, చెరో కొసకు ఒకటి. వాటినే బాలన్లు అంటారు. అవి పనిచేయడానికి కరెంటు కూడా అక్కర్లేదు.

బొమ్మను ఇలా పంపే అవసరం ఎక్కడిదో తెలియాలంటే బోధన్ చుట్టుపక్కల ఏ రైస్ మిల్లు ఆవరణలోనైనా నిలబడి చూడాలి. గేటు దగ్గర కాంటా, ఎక్కడో లోపల ఆఫీసు గది. కాంటా ఎక్కిన లారీ ఆఫీసులోని టీవీలో కనపడాలంటే మధ్యలో 200 మీటర్ల దూరం దాటాలి. 2015 డిసెంబరులో మూతపడక ముందు శక్కర్‌నగర్ నిజాం షుగర్స్‌లో చెరకు బండ్ల వరుసలు చూసినవారికి ఫ్యాక్టరీ ఆవరణ అంటే ఎంత దూరమో చెప్పక్కర్లేదు. పైగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం తెచ్చిన ప్రజాభద్రత చట్టం, వంద మంది గుమిగూడే చోటల్లా కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డు దాచాలని చెప్పింది. ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లు, ఆసుపత్రులు అన్నింటిలోనూ తీగలు లాగాల్సి వచ్చింది.

పాత తరహా కెమెరా పంపే వీడియో సంకేతం ఒక్క వోల్టు మాత్రమే. ఇలాంటి కెమెరాలకు మామూలుగా వాడే కోయాక్సియల్ తీగలో మధ్య పోగు ఆ సంకేతాన్ని మోస్తుంది, చుట్టూ ఉన్న లోహపు జాలీ ఎర్త్‌గా ఉంటుంది. బాలన్ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఒక్క సంకేతాన్ని జంటగా మారుస్తుంది: ఒక పోగులో ఎంత పైకి లేస్తే రెండో పోగులో అంత కిందికి దిగుతుంది. దారిలో మిల్లు మోటార్ల విద్యుత్ గోల తగిలిందనుకుందాం. ఒక మెలికలో ఈ పోగు మోటారుకు దగ్గరైతే తర్వాతి మెలికలో ఆ పోగు దగ్గరవుతుంది. అందుకే గోల రెండింటికీ ఒకేలా అంటుతుంది. అవతలి బాలన్ రెండు పోగుల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక, రెండింటిలోనూ ఒకేలా ఉన్న గోల ఆ తీసివేతలో పోతుంది.

ఈ పురి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆలోచన. ఒక టెలిఫోన్ లైన్లోకి పక్క లైను మాటలు దూరకుండా తీగలను మెలేసే పద్ధతికి 1881లో ఆయన పేటెంటు పొందాడు. ఇంత చవక అడాప్టర్ ఇవాళ నెగ్గుకొస్తోందంటే సగం ఘనత ఆ మెలికదే.

బాలన్ జత ఒక బొమ్మను సుమారు 300 మీటర్లు తీసుకెళ్తుంది. దూరం పెరిగితే ముందు పోయేది రంగు. పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, తీగ ఎక్కువగా తినేసేది అలాంటి పై పౌనఃపున్యాలనే. లారీ కనపడుతుంది కానీ వెలిసిపోయినట్టు ఉంటుంది.

అసలు చిక్కు కరెంటుతో వస్తుంది. మిగిలిన జంటల్లో ఒకదాని మీద కెమెరాకు 12 వోల్టులు పంపుదామనుకుంటారు. సన్నని రాగి పోగు 100 మీటర్లు వెళ్లి వెనక్కి వచ్చేసరికి దాదాపు 18 ఓముల నిరోధం. కెమెరా 0.3 ఆంపియర్లు లాగితే 5 వోల్టులకు పైగా దారిలోనే ఖర్చవుతుంది. పగలంతా సరిగ్గా ఉన్న కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగిపోవడానికి ఇదొక కారణం. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ వాడితే నష్టం ఇంకా ఎక్కువ. తీగ దగ్గర పైసలు మిగుల్చుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. పవర్ సప్లైని కెమెరా పక్కనే పెట్టడం మంచిది.

ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టరుకు కంప్యూటర్ బొమ్మ పంపేటప్పుడు మరో విచిత్రం ఎదురవుతుంది. వీజీఏ అడాప్టర్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మూడు జంటల మీద వేర్వేరుగా పంపుతాయి. జంటలు ఒకదాని సంకేతాన్ని ఒకటి పట్టుకోకుండా తయారీదారులు ఒక్కో జంటకు ఒక్కో బిగువులో పురి పెడతారు. ఎక్కువ పురి పడిన జంటలో రాగి పొడవూ ఎక్కువే. మూడు రంగులూ ఒక్కసారి చేరవు, తెల్ల అక్షరాల అంచులకు రంగు నీడలు పడతాయి. గోలను ఆపిన పురే ఇక్కడ రంగులను విడదీస్తుంది.

ఇప్పుడు ఐపీ కెమెరాలు వచ్చాయి. గోడలో వేసిన క్యాట్ 6 తీగను తవ్వి తీయక్కర్లేదు. రెండు కొసల బాలన్లు విప్పి, ఆర్‌జే 45 పిన్ను కొట్టి తగిలిస్తే కరెంటూ బొమ్మా అదే తీగ మీద నడుస్తాయి. అయితే ఈ కెమెరాలు వాడే ఈథర్నెట్ హద్దు 100 మీటర్లు. కాంటా దాకా చేరడానికి మధ్యలో గోదాము గోడకు ఒక స్విచ్ బిగించి, దానికి ఎండావానా తగలకుండా పెట్టె పెట్టాల్సి వస్తుంది.