ఓడల ఉక్కుకు జింకు పూత

ఓడపై నుండు గొలుసులను, కొక్కెములను, కమ్ములను ఉప్పుగాలి త్వరగా తినివేయును. మేము తరగతిలో ఈ సంగతి చెప్పగా, “రంగు పూసిన చాలదా?” అని విద్యార్థులడిగిరి. రంగు ఒక తెర మాత్రమే. గీత పడినచోటనే తుప్పు మొదలగును.

జింకు అట్లు గాదు. శుభ్రపరచిన ఉక్కును సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల జింకు ద్రవములో ముంచినచో రెండు లోహములును పెనవేసికొని గట్టి పొర యేర్పడును. మన యిండ్లలోని జింకు బొక్కెనయు నిట్టిదే. ఆ పొరపై గీత పడినను, ఉప్పునీరు తగిలినపుడు జింకే ముందుగా క్షయించి ప్రక్కనున్న ఉక్కును కాపాడును.

1824లో హంఫ్రీ డేవీ ఆంగ్ల నౌకల అడుగున నున్న రాగిరేకులను జింకు, ఇనుప ముక్కలతో నిట్లే కాపాడజూచెను. రాగి నిలిచెను, కాని అది కరగకపోవుటచే దాని విషము లేక, నాచును గుల్లలును పెరిగి ఓడల వేగము తగ్గినది!

కాపాడుచున్నంతకాలము జింకు తరుగుచునే యుండును. పూతపై తెల్లని పొడి జింకుది. ఎఱ్ఱని మరక కనబడెనా, అచ్చట ఉక్కు వంతు వచ్చినదన్నమాట.